గేటు, గోడ, తాళం చూశాకే కెమెరా

సంపాదకులకు నమస్కారం.

విద్యాసంస్థల్లోకి వీధికుక్కలు రాకుండా కంచెలు, ప్రహరీలు, గేట్లు పెట్టాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించాక బడి భద్రత మాట మళ్లీ వినిపిస్తోంది. మంచిదే. అయితే ఆ మాట ఎక్కడ మొదలైనా చివరికి ‘ఎన్ని సీసీ కెమెరాలు పెడదాం’ దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఉన్నదాంట్లో ఏది మార్చాలి, ఏది ఇంకో అయిదేళ్లు పనికొస్తుంది అన్న లెక్క ముందు తేలాలి. ఆ లెక్క కొటేషన్ ఇచ్చేవాడు చెబితే ఒకలా ఉంటుంది, బడిలోనే పరీక్ష చేసి చూసుకుంటే ఇంకోలా ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ప్రధానోపాధ్యాయులకు, తల్లిదండ్రుల కమిటీలకు పనికొస్తుందని ఆ పరీక్షలేమిటో రాస్తున్నాం.

మొదట గేటు. బడిలో దొంగకంటే ముందు పిల్లవాడికి ప్రమాదం తెచ్చేది అదే. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు ఉన్న ఇనుప జారుడు గేటు 150 కిలోల పైమాటే. దాన్ని నిలబెట్టేవి కింద పట్టా మీది రెండు చక్రాలు, పైన గైడు రోలర్లు, రెండు చివర్ల స్టాపర్లు. పట్టాలో ఇసుక, మట్టి నిండితే చక్రం పట్టా ఎక్కి తప్పుతుంది. స్టాపరు లేకపోతే తోసిన ఊపుకి గేటు గైడు దాటిపోయి, ఏ అడ్డూ లేక పక్కకి వాలిపోతుంది. పైగా పిల్లలు దాని మీద ఎక్కి ఊగుతారు. పరీక్ష సులువు. పిల్లలు లేనప్పుడు ఇద్దరు పెద్దవాళ్లు గేటును రెండు కొసలకూ పూర్తిగా జరపాలి. ఏ కొస దగ్గరైనా స్టాపరు ఆపకపోయినా, గేటు పైభాగం అటూ ఇటూ ఊగినా ఆ రోజు నుంచే పెద్ద గేటు వాడకం ఆపి, పిల్లల్ని చిన్న గేటులోంచి పంపాలి. తర్వాత గేటు అడుగున ఉన్న ఇనుప చానల్‌ను స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడాలి. తుప్పు పొక్కులు రాలి గట్టి ఇనుము తగిలితే గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, రంగు వేస్తే చాలు. స్క్రూడ్రైవరు లోపలికి దిగిందంటే అతుకు వెల్డింగు నిలవదు, ఆ ముక్క మార్చాల్సిందే. తలుపుల గేటయితే గడియ పడటానికి రెక్కను పైకెత్తాల్సి వస్తోందేమో చూడండి. వస్తుంటే కీలు అరిగిందో, స్తంభం వాలిందో అయి ఉంటుంది.

తీర మండలాల్లో ఇంకో సంగతి ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 150 కిలోమీటర్ల దాకా వీచింది. ఆ వేగానికి చదరపు మీటరుకు సుమారు 100 కిలోల ఒత్తిడి పడుతుంది. అంటే నిండా రేకు కొట్టిన పై కొలతల గేటు మీద దాదాపు 700 కిలోలు. వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి, గార వైపు బడులకు నిండు రేకు గేటు వద్దనే మా మాట. కింద మూడడుగులు రేకు, పైన ఊచలు పెట్టించుకుంటే గాలి దారి చూసుకుంటుంది. ఊచల మధ్య, గేటు కింద సందు నాలుగంగుళాలు మించకపోతే కుక్క దూరదు.

ప్రహరీ లేదా కంచె ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. నాడు-నేడు పనుల్లో కూడా ప్రహరీ ఒక అంశంగా ఉండేది. ఉన్న గోడ నమ్మదగినదా కాదా అన్నది మేస్త్రీ గుండు కట్టి దారం వదిలితే తెలిసిపోతుంది. అయిదడుగుల గోడ అంగుళం మించి వాలితే ఇంజినీరును పిలవండి. పిల్లర్ల మీద నిలువునా పగులు, దాని వెంట ఎర్రటి మరక కనిపిస్తే లోపల ఉప్పుగాలికి చువ్వ తుప్పు పట్టి ఉబ్బిందని అర్థం. పైన సున్నం వేస్తే మరక కనబడదు, అంతే తేడా. గోడకు ఆనించి ఇసుక, మట్టి గుట్టలు పోయించకండి. వానకు తడిసిన ఆ బరువే గోడను తోసేస్తుంది. ఉద్దానంలో జీడి, పనస కాపు రోజుల్లో ఎలుగుబంట్లు ఊళ్ల దాకా వస్తాయి కాబట్టి అక్కడ నాలుగు వరసల ముళ్లతీగను కంచె అనుకోవద్దు. చైన్‌లింకు మెష్ (వలలా అల్లిన ఇనుప తీగ) వేసి, దాని అడుగును కాంక్రీటు పట్టీలో బిగించాలి.

తాళం గురించి రెండే మాటలు. తాళంచెవి ఎన్ని చేతుల్లో ఉందో చెప్పలేని రోజున తాళం మార్చాలి. తరగతి గదికి బయట గడియ వేసే అలవాటు, బడి నడిచే వేళ వెనక గేటుకు తాళం వేసే అలవాటు రెండూ మానాలి. నిప్పంటుకుంటే పిల్లలు బయటపడాల్సింది ఆ దారులనే.

ఇక కెమెరాలు. టీవీ తెర మీద ఎనిమిది గళ్లలో బొమ్మలు కదులుతుంటే అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. తెర మీద కనబడటం వేరు, రికార్డు కావడం వేరు. నెలకోసారి ఇలా చేయండి: రెండు వారాల కిందటి ఒక పనిదినం, బడి వదిలిన వేళ, గేటు కెమెరా రికార్డు తీయండి. అందులో తెలిసిన ఒక మనిషి ముఖం గుర్తుపట్టగలరా? డీవీఆర్ (కెమెరా బొమ్మలను రికార్డు చేసే పెట్టె) చూపే టైము మీ ఫోను టైముతో సరిపోతుందా? పది నిమిషాల క్లిప్పు పెన్‌డ్రైవులోకి ఎక్కించి వేరే కంప్యూటరులో ఆడించగలరా? మూడింటిలో ఏది తప్పిందన్న దాన్ని బట్టే ఏం కొనాలో తేలుతుంది.

రికార్డే దొరకలేదంటే హార్డ్‌డిస్క్ సంగతి చూడాలి. ఒక 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 21.6 జీబీ అవుతుంది. ఎనిమిదింటికి 173 జీబీ. 2 టీబీ డిస్కు పదకొండు రోజులకు నిండి, పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. సీబీఎస్ఈ 2025 జులైలో తన బడులకు 15 రోజుల రికార్డు తప్పనిసరి చేసింది. ఆ లెక్కకు 4 టీబీ కావాలి. అసలు చిక్కు వేసవిలో వస్తుంది. సెలవులు దాదాపు ఏడు వారాలు. మేలో కంప్యూటర్లు, మధ్యాహ్న భోజనం షెడ్డులోని సిలిండర్లు పోయిన సంగతి జూన్‌లో తలుపు తీశాక బయటపడితే, ఆ రాత్రి రికార్డు ఎప్పుడో చెరిగిపోయి ఉంటుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. సెలవులిచ్చే రోజున రికార్డింగును కదలిక ఉన్నప్పుడే రాసే పద్ధతికి మార్చండి, వారానికోసారి ఎవరో ఒకరు బడికి వెళ్లి చూసేలా ఏర్పాటు చేయండి. రెండింటికీ పైసా ఖర్చు లేదు. డిస్కు మార్చాల్సి వస్తే సీసీ కెమెరాల కోసం చేసిన రకమే తీసుకోవాలి. మామూలు కంప్యూటరు డిస్కు రాత్రింబగళ్లు రాయడానికి చేసింది కాదు, తొందరగా పోతుంది.

ముఖం తెలియడం లేదంటే వెంటనే ఖరీదైన కెమెరా కొనక్కర్లేదు. ముఖం గుర్తుపట్టాలంటే కెమెరా చూసే వెడల్పులో మీటరుకు 250 పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు) ఉండాలన్నది 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం చెప్పిన లెక్క. 2 మెగాపిక్సెల్ కెమెరా బొమ్మ అడ్డంగా 1920 పిక్సెళ్లు. అంటే అది చూసే వెడల్పు ఏడున్నర మీటర్లు దాటితే ముఖం చెదురుతుంది. గేటు, రోడ్డు, ఎదురు కొట్టు అన్నీ ఒకే కెమెరాలో పట్టాలని చూస్తే ఏదీ సరిగా దక్కదు. కెమెరాను గేటుకే దగ్గరగా తిప్పి చూడండి. రాత్రి బొమ్మ తెల్లగా పొగమంచులా ఉంటే ముందు సాలెగూళ్లు తుడవండి. కెమెరా వెలుగుకు పురుగులు, వాటి కోసం సాలీళ్లు చేరతాయి. ఎండకు కెమెరా మీది ప్లాస్టిక్ డోము పసుపెక్కి ఉంటే మాత్రం కెమెరా మార్చాల్సిందే.

కెమెరాలన్నీ ఒకేసారి ఆరిపోతే చాలాసార్లు చెడింది కెమెరాలు కాదు, 12 వోల్టుల పవర్ సప్లై. ఒక్కటే గీతలు కొడుతుంటే కనెక్టరు పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. తీరంలో ఇదే ఎక్కువ. కనెక్టర్లను ప్లాస్టిక్ వాటర్‌ప్రూఫ్ డబ్బాలో పెట్టి, వైరును కిందికి ఒక వంపు తిప్పి లోపలికి తీసుకెళ్తే నీరు వంపు దగ్గరే కారిపోతుంది. రెండు భవనాల మధ్య గాల్లో లాగిన రాగి వైరు పిడుగుల కాలంలో డీవీఆర్‌ను కాల్చేస్తుంది. అక్కడ ఫైబరు వేయించడమే మందు. పాత కోయాక్సియల్ వైరు (టీవీ కేబుల్ లాంటిది) బాగుంటే దాన్ని పీకి మొత్తం ఐపీ వ్యవస్థకు, అంటే కంప్యూటర్ నెట్‌వర్కు వైరు మీద నడిచే కెమెరాలకు, మార్చమనే సలహా వినకండి. అదే వైరు మీద 2 మెగాపిక్సెల్ హెచ్‌డీ కెమెరాలు, కొత్త డీవీఆర్ నడుస్తాయి.

టైము తప్పితే డీవీఆర్‌లోని బిళ్ల బ్యాటరీ మార్చించండి. చిన్న పనే అయినా, తేదీ తప్పున్న రికార్డును నిలబెట్టుకోవడం పోలీసులకు తలనొప్పి. తెర మీద ఆడుతున్న వీడియోను సెల్‌ఫోనుతో తీసి ఇవ్వడం కూడా మానాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి. డీవీఆర్ నుంచి నేరుగా తీసిన కాపీ ఉంటేనే ఆ పని సాఫీగా సాగుతుంది. ఆ డీవీఆర్ కూడా హెచ్ఎం బల్ల మీద కాక, గాలి ఆడే ఇనుప పెట్టెలో తాళం వేసి ఉండాలి. దొంగ ముందుగా పట్టుకెళ్లేది దాన్నే.

కరెంటు సంగతి. ఎనిమిది కెమెరాలు, డీవీఆర్ కలిపి 60 వాట్ల దాకా లాగుతాయి. కంప్యూటరు పక్కనుండే చిన్న యూపీఎస్ గంట కూడా నిలవదు. ఇన్వర్టరుకు 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే రాత్రంతా గడిచిపోతుంది. తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు రాకపోతే ఏ బ్యాటరీ ఆదుకోదు. అప్పుడు గోడ, గేటు, కాపలా మనిషే దిక్కు.

కొత్తది కొనక తప్పదని తేలితే కొటేషన్‌లో డిస్కు ఎన్ని టీబీలో, ఎన్ని రోజుల రికార్డుకో, ఫోను చేస్తే ఎన్ని రోజుల్లో మనిషి వస్తాడో రాయించుకోండి. కెమెరా మోడలుకు కేంద్రం చెప్పిన ఎస్టీక్యూసీ భద్రతా పరీక్ష సర్టిఫికెట్ కాపీ అడగండి. మరుగుదొడ్ల లోపల కెమెరా ఉండకూడదు. అటు వెళ్లే నడవాకు మాత్రం ఒకటి ఉండాలి. బిగించినవాడు వెళ్లేలోపే పాస్‌వర్డు మార్చి, కాగితం మీద రాసి, కవరులో పెట్టి బీరువాలో దాచండి. హెచ్ఎం బదిలీ అయినప్పుడు చార్జి అప్పగించే కాగితాల్లో ఆ కవరు కూడా ఉండాలి.

ఇట్లు,
పాఠశాలల్లో భద్రతా పరికరాల పనులు చేసేవాళ్లం,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా