పాట కింద రచయిత పేరేదీ?

సంపాదకులకు నమస్కారం.

మొన్న రాత్రి ఫోనులో పాట వింటుండగా, రెండో చరణంలో ఒక మాట నచ్చి మా అమ్మాయి "ఇది రాసిందెవరు నాన్నా?" అని అడిగింది. తెర మీద పాట పేరు, ఆల్బమ్ పేరు, పాడినవారి పేరు ఉన్నాయి గాని రాసినవారి పేరు లేదు. మెనూలన్నీ తెరిచి చూసినా అది దొరకలేదు. ఆ మాటను పుట్టించిన మనిషి పేరు ఆమెకు చెప్పలేకపోవడం నాకు బాధ కలిగించింది.

రేడియో వింటూ పెరిగినవారికి పాట కంటే ముందు పేర్లు వినిపించేవి. గానం, సాహిత్యం, సంగీతం ఎవరివో చెప్పిన తరువాతే పాట మొదలయ్యేది. ఎందరో కవుల పేర్లు నాకు మొదట తెలిసింది ఆ ప్రకటనల వల్లనే. గ్రామఫోను రికార్డు అట్ట వెనుక, క్యాసెట్టు లోపలి కాగితం మీద, 1982లో సీడీ వచ్చాక దానితో ఇచ్చే చిన్న పుస్తకంలో కూడా ఆ పేర్లకు చోటుండేది.

పాట ఫైలుగా మారినప్పుడు ఆ చోటు పోయింది. ఎంపీ3 ఫైలులో వివరాలు రాయడానికి 1996లో వచ్చిన ఐడీ3 పద్ధతి మొత్తం నిడివి 128 బైట్లు. అందులో పాట పేరుకు, కళాకారుని పేరుకు, ఆల్బమ్‌కు తలా 30 అక్షరాలు కేటాయించారు. సంవత్సరానికి, వ్యాఖ్యకు, సంగీతపు రకానికి కూడా చోటిచ్చారు. స్వరకర్తకు గాని, గీత రచయితకు గాని విడిగా గడి పెట్టలేదు. 1998లో వచ్చిన రెండో రూపంలో ఆ ఇద్దరికీ గడులు ఏర్పడినా, కళాకారుడంటే పాడినవారేనన్న అలవాటు అప్పటికే స్థిరపడింది. నేటి యాప్‌లకు అంత ఇరుకు లేదు. పాటలోని ప్రతి పంక్తినీ గానానికి అనుగుణంగా తెర మీద నడిపించగలిగినవారు, ఆ పంక్తులు రాసిన మనిషి పేరు చూపలేకపోవడానికి సాంకేతిక కారణం ఉందని నేను అనుకోను.

చిన్న వీడియోలలో పరిస్థితి మరీ అన్యాయం. పాటలోంచి పదిహేను సెకన్ల ముక్క కోసి ఎవరో పెడితే, దాని కింద "ఒరిజినల్ ఆడియో" అని, పెట్టినవారి పేరుతో కనబడుతుంది. సాహిత్య, కళాకృతుల రక్షణకు 1886లో కుదిరిన బెర్న్ ఒప్పందానికి 1928లో రోమ్‌లో ఒక అధికరణం చేర్చారు. హక్కులన్నీ అమ్ముకున్న తరువాత కూడా, ఈ రచన నాదని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుందని అది గుర్తిస్తుంది. ఆ ఒప్పందంలో నేడు 180కి పైగా దేశాలున్నాయి.

కాబట్టి సంగీత సంస్థలు యాప్‌లకు పాటను అప్పగించేటప్పుడే రచయిత, స్వరకర్తల పేర్లు తప్పక జతచేయాలని, యాప్‌లు వాటిని గాయకుల పేరు పక్కనే, అదే తెర మీద, అదే పరిమాణంలో చూపాలని కోరుతున్నాను. మీ పత్రికకు కూడా ఒక విన్నపం. కొత్త పాట విడుదలైన వార్తలో నటీనటుల పేర్లతో పాటు రాసినవారి పేరు కూడా ప్రతిసారీ ప్రచురించండి. మా అమ్మాయి లాంటివారు వెతుక్కోవడానికి కనీసం అచ్చులోనైనా ఒక ఆధారం ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు