బడి మానేసిన పిల్లలతో ఈ ఏడాది: సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం. వినాయక చవితి, బతుకమ్మ, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి, ఫొటోలు గ్రూపులో చూసే ఉంటారు కాబట్టి వాటి గురించి మళ్లీ రాయడం లేదు. జమాఖర్చుల కాగితం విడిగా జత చేశాం. ఈ నివేదికంతా ఒక్క పని గురించే: దేవరకొండ చుట్టుపక్కల తండాల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో బడి మానేసిన పిల్లలతో ఓపెన్ స్కూల్‌లో (రోజూ బడికి పోకుండానే చదివి పరీక్ష రాసే పద్ధతి) పదో తరగతి రాయించడం.

ఈ వయసు పిల్లలే ఎందుకని సమావేశంలో కొందరు అడిగారు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల దాకానే, ఆ తర్వాత మానేస్తే అడిగే నాథుడుండడు. మగపిల్లవాడు సెంట్రింగ్ పనికని హైదరాబాద్ పోతాడు, ఆడపిల్లకు సంబంధాలు చూడటం మొదలవుతుంది. మన ఉమ్మడి నల్గొండ జిల్లాలోని సర్వేలులో 1971లో, పీవీ ముఖ్యమంత్రిగా ఉండగా, గురుకులం మొదలైందని గొప్పగా చెప్పుకుంటాం (చెప్పుకోవాల్సిందే), కానీ గురుకులంలో సీటు రాని పిల్ల, వచ్చినా మధ్యలో ఇంటికొచ్చేసిన పిల్ల సంగతి ఎవరికీ పట్టదు.

ఓపెన్ స్కూల్‌లో పదికి 14 ఏళ్లు నిండితే చాలు. క్లాసులు స్టడీ సెంటర్‌లో ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉంటాయి, పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఒకసారి పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. వినడానికి సులువుగానే ఉంటుంది, చిక్కంతా కాగితాల దగ్గర. ఒక తండాలో ఫారాలు నింపుతుంటే చాలామంది పిల్లల ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1 అనే ఉంది, బడి ఇచ్చిన టీసీలో ఇంకో తేదీ, పేరులో ఒక అక్షరం తేడా. వాటిని సరిచేయించడానికి మీసేవ చుట్టూ తిరగడమే మన వాలంటీర్లకు సగం పని అయింది.

ఇంకో సంగతి తల్లిదండ్రులకు గట్టిగా చెప్పాలి. సబ్జెక్టులు ఎంచుకునే వీలుంది కదా అని పిల్లలు లెక్కలు వదిలేస్తున్నారు, సెంటర్‌లో కూడా "ఈజీ సబ్జెక్టులు పెట్టుకో" అంటారు. కానీ లెక్కలు లేకుండా పది పాసైతే పాలిసెట్‌కు అర్హత ఉండదు, పాలిటెక్నిక్ దారి అక్కడే మూసుకుపోతుంది. ఐటీఐకి పోవాలనుకునేవాళ్లకు మాత్రం వెల్డర్, వైర్‌మన్ లాంటి ట్రేడ్లకు ఎనిమిది పాసైనా సరిపోతుంది, ఆ మాట తెలియక పది పాస్ కాలేదని ఇంట్లోనే కూర్చున్నవాళ్లు మనకు కనిపించారు.

"పరీక్ష రాయకున్నా పాస్ చేయిస్తం" అని డబ్బులు అడిగే బ్రోకర్లు ఈ ఏడాది కూడా తండాలకు వచ్చారు. దయచేసి ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వకండి. వాళ్ల పుణ్యమా అని, కష్టపడి చదివి పాసైన పిల్లను కూడా జనం అనుమానంగా చూస్తున్నారు.

అడ్మిషన్లు బాగానే అయ్యాయని మనవాళ్లు చంకలు గుద్దుకున్నారు గానీ నాకు మాత్రం ఆ సంతోషం లేదు. ఫారం నింపినంత మాత్రాన చదువు రాదు. అక్టోబర్ దాకా ఆదివారం క్లాసుకు వచ్చిన పిల్లలు పత్తి మొదలుకాగానే మాయమయ్యారు, ఇంటికెళ్లి అడిగితే ఒక తల్లి "పత్తి అయినంక పంపుతం సారూ, కూలోళ్లు దొరుకుతలేరు" అంది. ఆమెది తప్పనలేం. అందుకే నవంబర్ నుంచి తండాలోనే, పంచాయతీ ఆఫీసు వెనక గదిలో రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా క్లాసులు పెట్టాం. పొద్దంతా పత్తి ఏరి వచ్చిన పిల్లలు ఎనిమిదిన్నరకే కునుకు తీసేవాళ్లు, అయినా సెంటర్‌కు వచ్చినవాళ్ల కంటే ఇక్కడికి వచ్చినవాళ్లే ఎక్కువ, ఆడపిల్లలు మరీ ఎక్కువ. సెంటర్‌కు పోవాలంటే ఆటో ఛార్జీ, తోడు మనిషి రెండూ కావాలి మరి.

వచ్చే ఏడాది కొత్త అడ్మిషన్ల వెంట పడకుండా ఈ రాత్రి క్లాసుల మీదే డబ్బు పెట్టాలని కార్యవర్గం అనుకుంటోంది, అభ్యంతరం ఉన్నవాళ్లు సమావేశంలో చెప్పండి. గదికి ఇన్వర్టర్ కావాలి. లెక్కలు, ఇంగ్లిష్ చెప్పగలిగినవాళ్లు వారానికి రెండు రాత్రులు కేటాయించగలిగితే జూన్ లోపు కార్యదర్శికి పేరివ్వండి, రిటైరైన టీచర్లయితే మరీ మంచిది, బండి మీద తీసుకొచ్చి దింపే బాధ్యత మాది.