నన్ను అడిగి అడుగు వేసినవారికి

పేరు లేకుండా రాస్తున్నాను. లైంగిక దాడికి గురైనవారు ఎవరో తెలిసిపోయే వివరాలను వారి రాతపూర్వక అనుమతి లేకుండా ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం నేరం. ఆ అనుమతి ఇవ్వాలో వద్దో నా ఇష్టం, ఇప్పటికైతే ఇవ్వదలుచుకోలేదు. కేసు కోర్టులో ఉంది కనుక జరిగినదేమిటో గానీ, చేసినవాడెవరో గానీ ఇక్కడ చెప్పను. శ్రీకాకుళం జిల్లాలో పీజీ చదువుతున్న అమ్మాయిని. నాకు తోడు నిలిచినవారికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు.

పరిశోధన చేస్తున్న మా హాస్టల్ అక్కకు మొదటి దండం. ఆ రాత్రి నేను తలుపు తట్టింది మీ గదికే. ఎందుకు వెళ్లావు, ఎవరితో వెళ్లావు అని మీరు అడగలేదు. మంచినీళ్లిచ్చి, "ఇప్పుడు నీకేం కావాలి?" అన్నారు. స్నానం చేయాలన్నాను. "చేస్తానంటే ఆపను. కేసు పెట్టాలని రేపు అనిపిస్తే మాత్రం ఒంటి మీదా బట్టల మీదా ఉన్న ఆధారాలు అవసరమవుతాయి. ఆలోచించుకుని నువ్వే చెప్పు" అన్నారు. నా సంగతి నేను తేల్చుకోగలనని ఆ రాత్రి నాకు నమ్మకం కలిగించిన మొదటి మాట అదే అక్కా.

మొదట వెళ్లిన స్టేషన్‌లో "ఇది మా పరిధి కాదు" అన్నారు. అక్క కదలలేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని, జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు పంపాలని గట్టిగా చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఆ సంగతి ఉంది. తర్వాత వచ్చిన మహిళా ఎస్సై గారు మగవాళ్లను బయటకు పంపి, నేను ఆగిన చోటల్లా ఆగి, రాసుకున్నదంతా చదివి వినిపించారు. "ఇది నువ్వన్న మాటేనా అమ్మా?" అని అడిగి, కాదన్న చోట దిద్దారు. మేడం, మీకు నా నమస్కారాలు.

ఆసుపత్రి గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే నేను అన్నిటికన్నా భయపడింది దానికే. డాక్టరమ్మ గారు నా ఒంటి మీద చెయ్యి వేసే ముందు ప్రతిసారీ ఏం చేయబోతున్నారో, ఎందుకో చెప్పి, సరేనన్నాకే ముందుకు కదిలారు. వద్దంటే అక్కడితో ఆపేస్తానని, దానివల్ల వైద్యం ఆగదని చెప్పారు. జననాంగంలో వేళ్లు పెట్టి చూసే రెండు వేళ్ల పరీక్ష గురించి విన్న మాటలతో వణికిపోతున్నాను. దాన్ని చేయకూడదని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిందని, తను చేయబోనని ముందే ధైర్యం చెప్పారు. బట్టలు ప్లాస్టిక్ సంచిలో పెడితే తేమకు పాడవుతాయని కాగితం కవర్లలో భద్రపరిచారు. గర్భం రాకుండా మాత్ర ఇచ్చారు. హెచ్ఐవీ సోకకుండా వేసుకునే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఆ లెక్క కాగితం మీద రాసిచ్చారు. దీనికంతటికీ పైసా తీసుకోలేదు. ప్రైవేటు ఆసుపత్రి అయినా ఇలాంటివారికి వెంటనే ఉచితంగా వైద్యం చేయాల్సిందే, అది చట్టం. మన ఊళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసు? పోలీసులు రమ్మంటేనే ఆసుపత్రికి వెళ్లాలని మా ఇంట్లో అనుకున్నారు. అక్కర్లేదు. కేసు పెట్టకపోయినా వైద్యం మన హక్కు.

హింసకు గురైన ఆడవాళ్లకు ఒకేచోట సాయం అందించే సఖి కేంద్రంలోని కౌన్సెలర్ గారూ, మీరు నన్ను మాట్లాడమని తొందర చేయలేదు. ఏమీ మాట్లాడకుండా తిరిగి వచ్చిన రోజున కూడా "మళ్లీ ఎప్పుడు వస్తావు?" అనే అడిగారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పంపిన లాయరమ్మకు ఫీజు ఇవ్వబోయాడు నాన్న. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితమని ఆమె నవ్వి చెప్పారు. మేజిస్ట్రేట్ ఎదుట వాంగ్మూలం ఇచ్చే ముందు గదిలో ఎవరుంటారో, ఏం అడుగుతారో వివరించారు కనుకనే మాట పెగిలింది.

లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే యూనివర్సిటీ అంతర్గత కమిటీ మేడం నా హాజరు మినహాయింపు సంగతి నేను అడగకముందే చూశారు. నేను ఫిర్యాదు చేసినవాడు నా తరగతుల వైపు రాకుండా కట్టడి చేశారు. యూజీసీ 2015 నిబంధనల్లో ఇవన్నీ ఉన్నాయి. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, విచారణకు తొంభై రోజులు, విద్యార్థుల కేసుల్లో కమిటీలో విద్యార్థి సభ్యులు. చేరిన రోజునే ర్యాగింగ్ చేయనని మన చేత సంతకం పెట్టిస్తారు, ఈ కమిటీ ఎక్కడుందో ఎవరూ చెప్పరు. ఇది నాకు కోపం తెప్పించే విషయం. సంతకం పెట్టించే ఆ రోజునే ఈ మాట కూడా చెప్పాలి, కమిటీ సభ్యుల ఫోను నంబర్లు ప్రతి హాస్టల్ గోడ మీదా ఉండాలి.

అమ్మా, ఏడుస్తూనే నాతో పాటు ప్రతి చోటికీ వచ్చావు. చదువు మాన్పించి ఉద్దానం తీసుకొచ్చేయమని బంధువులు అన్నప్పుడు, "తప్పు చేసినవాడు ఉండగా మా పిల్ల ఎందుకు మానాలి?" అన్నాడు నాన్న. జీడితోట పనులు వదులుకుని వాయిదాలకు తిరుగుతున్నాడు. నేను మళ్లీ తరగతులకు వెళ్తున్నాను, ఈ సెమిస్టర్ పరీక్షలు రాస్తాను.

చదివేవారిలో ఎవరికైనా సాయం కావాలంటే 181కి ఫోను చేయండి, ప్రమాదంలో ఉంటే 112కి. ఆసుపత్రికో సఖి కేంద్రానికో ఒక్కరే వెళ్లలేకపోతే, దీన్ని నా తరఫున పెడుతున్న స్నేహితురాలికి చెప్పండి. మీరు రమ్మన్న చోటికి నేను వస్తాను.