మిగ్ క్షేమంగా చేరింది

సునాబెడ

చి. కిరణ్‌కు నాన్న దీవించి రాయునది.

నువ్వు చేసి పంపిన మిగ్ యుద్ధవిమానం బొమ్మ పార్సిల్ అందింది. ముక్కు దగ్గర గాలి వేగం కొలిచే ఆ సన్నని పిటో గొట్టం కూడా వంగలేదు. చీటీ ఏమైనా పెట్టావేమోనని అట్టపెట్టె అంతా తిరగేశాను. లేదు. నువ్వు ఆఫీసుకు వెళ్లడం లేదని పెద్దత్త ఏదో అంది, నేను పట్టించుకోలేదులే.

బొమ్మ మాత్రం అద్భుతంరా. మిగ్-21 ఎఫ్ఎల్ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 7.15 మీటర్లు. నువ్వు చేసిన 1/72 సైజులో, అంటే 72వ వంతులో, పది సెంటీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ రావాలి. స్కేలు పెట్టి చూశాను, సరిగ్గా వచ్చింది. భూతద్దంతో రెక్క కింద రాకెట్లు పెట్టే పాడ్ మూతి చూస్తే 16 గుంటలూ ఉన్నాయి! 1971 డిసెంబర్ 14న ఢాకా గవర్నర్ భవనం మీద పడ్డవి ఆ 57 మి.మీ. రాకెట్లే. ఆ బంగ్లాదేశ్ యుద్ధంలో కొన్ని మిగ్‌లకు మెరిసే లోహం మీదే హడావిడిగా ఆకుపచ్చ పూశారు. నువ్వు ఆ బ్రష్ గీతలు, కింది మెరుపు అలాగే ఉంచావు. తెలియనివాళ్లు పని చెడిందనుకుంటారు. ఇంజన్ వెనక మంట వచ్చే నాజిల్ లోపల కాలిన ఇనుము నీలం, గోధుమరంగు చూసి చాలాసేపు దాన్ని కింద పెట్టలేకపోయాను. తాతయ్య ఉంటే ముందు అక్కడే చూసేవారు.

ఇక్కడి ఫ్యాక్టరీలో ఆయన పనిచేసిందీ ఈ మిగ్‌కు పెట్టే ఆర్-11 ఇంజన్ల మీదే కదా. ఒకరోజు షిఫ్టు అయిపోయే వేళ ఇంజన్‌లో గాలిని నొక్కే కంప్రెసర్ బ్లేడు అంచున ఆయన గోటికి చిన్న నొక్కు తగిలింది. కంటికి ఆనదు. పక్కవాళ్లు వదిలేయమన్నారు. అంత వేగంలో ఆ నొక్కే పగులవుతుంది, బ్లేడు విరిగితే ఇంజన్ మొత్తం పోతుంది. ఆయన కదల్లేదు. మిగతా బ్లేడ్లన్నీ మళ్లీ తడిమి చూస్తూ రాత్రంతా అక్కడే ఉండిపోయారు. ఇంటికి కబురు మాత్రం పంపలేదు. కోరాపుట్ చలి సంగతి నీకు తెలుసు. నానమ్మ నన్ను దుప్పట్లో చుట్టి చంకనేసుకుని కాలనీ అంతా వెతికిందట. తెల్లారి ఆయన వస్తే తలుపు తీసింది, టీ పెట్టింది, ఒక్క మాటా మాట్లాడలేదట. ఆ తర్వాత తాతయ్య ఎప్పుడు ఆలస్యమైనా ఎవరో ఒకరి చేత కబురు చేసేవారు.

రంగులు కొట్టేటప్పుడు కిటికీ తెరువు. థిన్నర్ వాసన ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్క్ పెట్టుకో. అర్ధరాత్రి టేబుల్ లైటు కింద కళ్లు పాడుచేసుకోకు, నీ కళ్లద్దాల నంబరు ఇప్పటికే ఎక్కువ. ఉద్యోగం అన్నాక ఒడిదుడుకులు ఉంటాయి, ఓర్పు పట్టాలి. ఇంత ఓర్పు ఉన్నవాడివి, నీకు నేను చెప్పాలా? చూడు, మళ్లీ మొదలుపెట్టాను.

మానేస్తే మానేశానని చెప్పు. మీ అమ్మ టెన్షన్ పడుతుందని నా దగ్గర కూడా దాచకు. సీను ఆదివారం వస్తున్నాడు, పెసరట్ల పొడి, ఉసిరికాయ పచ్చడి, మందంగా ఉన్న స్వెట్టరు పంపుతున్నాం. అద్దెకు ఇబ్బందిగా ఉంటే వాడితో ఒక్క మాట చెప్పు, వాడి చేతికి డబ్బు కూడా ఇచ్చాను.

నాన్న