తీరిక పనుల ఏడాది: మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

ముందుగా ఆనవాయితీ ప్రకారం చెప్పవలసినవి చెప్పేస్తాను. ఈ ఏడాది మూడు వీధిదీపాలు బాగుచేయించాం. పార్కు గేటుకు కొత్త బందులు వేయించాం. వినాయక చవితి బాగానే జరిగింది, పులిహోర మాత్రం చివరి వరుసవాళ్లకు అందలేదు. సంఘం ఆస్తుల్లో ఇనుప కుర్చీలు, మైకు సెట్టు, పెద్ద జంపఖానా అన్నీ ఉన్నాయి. అల్యూమినియం నిచ్చెన లేదు. దాని సంగతి చివర్లో మనవి చేస్తాను. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డు మీద ఉంది. అది చదివి నన్ను అడగవలసినవి సర్వసభ్య సమావేశంలోనే అడగండి, పాల బూతు దగ్గర కాదు.

ఇక అసలు విషయం. నెలకోసారి, రెండో ఆదివారం సాయంత్రం, మనలో ఎవరు ఏ పనికిమాలిన పని చేసినా, ఏ వింత వస్తువు కనిపించినా పార్కు షెడ్డులోకి తెచ్చి చూపించాలని నిరుడు తీర్మానం చేసుకున్నాం. పుస్తకంలో దానికి ‘తీరిక పనుల సాయంత్రం’ అని పేరు రాశాం. ఆ రోజు మన కోశాధికారిగారు లేచి, ‘‘దీనివల్ల సంఘానికి ఒరిగేదేమిటి?’’ అని అడిగారు. ఆయన ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసినవారు, అడగవలసిన ప్రశ్నే. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు కానీ, జరిగినవి మాత్రం ఉన్నాయి.

అన్నిటికంటే ఎక్కువ రచ్చ చేసింది ముగ్గు. సంక్రాంతి నెలలో రెండో వీధి చివరి ఇంటి అమ్మమ్మగారు పార్కు ముందు మెలికల ముగ్గు వేస్తున్నారు. మన తిరుపతిలో సగం ఇళ్లలో తమిళం కూడా వినిపిస్తుంది కాబట్టి దీన్ని చిక్కు కోలం అనేవాళ్లూ ఉన్నారు. నాలుగు వరుసలు, వరుసకు అయిదు చుక్కలు. బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి పిండి సన్నటి ధారగా జారుతోంది. గీత ఒక చుక్క పక్కగా వంగి, రెండు చుక్కల మధ్య నుంచి దూరి, అంచుకు రాగానే వెనక్కి మళ్లి, ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలిసింది. చెయ్యి ఎత్తలేదు. ప్రతి చుక్కా గూట్లో పడింది.

ఏడో తరగతి చదివే ఆమె మనవరాలు పక్కనే నాలుగు వరుసల్లో ఆరేసి చుక్కలు పెట్టి అదే పద్ధతిలో గీసింది. గీత మూసుకుంది కానీ, చాలా చుక్కల చుట్టూ ఖాళీ మిగిలింది. ఇంకో గీత వేస్తేగాని నిండలేదు. మూడు వరుసల్లో మూడేసి చుక్కల ముగ్గుకు మూడు గీతలు పట్టాయి. అయిదు వరుసల్లో ఏడేసి చుక్కలు పెడితే మళ్లీ ఒక్కటే గీత. ఆ పిల్ల సాయంత్రానికి నోటుబుక్కులో రెండు పేజీలు గీసి, ‘‘ఇది గసాభా, అమ్మమ్మా!’’ అని అరిచింది. వరుసల సంఖ్యకు, వరుసలోని చుక్కల సంఖ్యకు గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, ముగ్గుకు అన్ని గీతలు. నాలుగుకీ అయిదుకీ గసాభా ఒకటి, నాలుగుకీ ఆరుకీ రెండు. ఆరు వరుసల్లో తొమ్మిదేసి చుక్కలు పెట్టి షెడ్డు సిమెంటు నేల మీద అందరం పరీక్షించాం. మూడే వచ్చాయి.

ఎందుకిలా అని అడిగినవారికి ఆ పిల్ల చెప్పిన జవాబునే నా మాటల్లో రాస్తున్నాను. గీత ఎప్పుడూ ఏటవాలుగానే పోతుంది, అంచు తగిలితే మళ్లుతుంది. అది అడ్డంగా వెళ్లి రావడానికి ఒక లెక్క, నిలువుగా వెళ్లి రావడానికి ఇంకో లెక్క. రెండు ప్రయాణాలూ ఒకేసారి మొదటి చోటికి చేరినప్పుడు గీత మూసుకుంటుంది. రెండు సంఖ్యలకూ ఉమ్మడి భాజకం ఉంటే ఆ కలయిక ముందే జరిగిపోతుంది, ముగ్గు నిండకముందే గీత ఇంటికి వచ్చేస్తుంది. అమ్మమ్మగారు ఇదంతా విని, ‘‘సరిసంఖ్య పక్కన బేసి పెట్టుకోమని మా అత్త చెప్పేది’’ అని మాత్రం అన్నారు. అత్తగారి మాట ఆరు–తొమ్మిది దగ్గర తప్పుతుంది, అయినా వాకిలి ముందు వేసుకునే చిన్న ముగ్గులకు చాలావరకు సరిపోతుంది. ఒక జాగ్రత్త: ఈ లెక్క నిలువు వరుసల దీర్ఘచతురస్రపు ముగ్గులకే. మధ్యచుక్కలు పెట్టి కొసకు ఒకటి వచ్చేదాకా తగ్గించుకుంటూ పోయే ముగ్గులకు పనికిరాదు. ఇంజనీరింగ్ చదివే ఒక అబ్బాయి మరో సంగతి పట్టుకొచ్చాడు. ఆఫ్రికాలో, అంగోలా దేశపు చోక్వే ప్రజలు ఇసుకలో వేళ్లతో చుక్కలు పెట్టి వాటి చుట్టూ ఇలాంటి గీతలే గీస్తూ కథలు చెబుతారట. వాటిని సోనా అంటారు. వాటిలోనూ ఇదే లెక్క ఉంది. ఆ బొమ్మలు చూసి అమ్మమ్మగారు, ‘‘పిండి దండగ లేకుండా వేసుకుంటున్నారు’’ అని మెచ్చుకున్నారు.

రెండోది నీడ గడియారం. ఇందులో మన తెలివితక్కువతనం కూడా ఉంది, దాచను. పార్కులో నీడ గడియారం కట్టాలని ముచ్చటపడి, కంప్యూటర్‌లో దొరికిన ఒక నమూనా ప్రకారం ప్లైవుడ్ కోయించాం. మిట్టమధ్యాహ్నం బాగానే చూపించింది. మూడు గంటలకు చూస్తే నీడ ఎక్కడో ఉంది, గీత ఎక్కడో ఉంది. తీరా చూస్తే ఆ నమూనా లండన్‌ది. నీడనిచ్చే పలక వాలు ఆ ఊరి అక్షాంశానికి సమానంగా ఉండాలి. లండన్‌కు అది 51.5 డిగ్రీలు, తిరుపతికి 13.6. అక్కడ బాగా పైకి లేచి ఉండే పలక ఇక్కడ దాదాపు పడుకున్నట్టే ఉండాలి. గంటల గీతలూ మారిపోతాయి. లండన్‌లో మూడు గంటల గీత పన్నెండు గీతకు 38 డిగ్రీల దూరంలో ఉంటే, మనకు 13 డిగ్రీలే. జైపూర్ జంతర్ మంతర్‌లో సమ్రాట్ యంత్రమనే పెద్ద నీడ గడియారం మెట్లు అంత ఏటవాలుగా పోవడానికీ ఇదే కారణం, అక్కడి అక్షాంశం 27. మన పలక పిల్లలు కూర్చుని జారే బల్లలా ఉంది. నిజంగానే జారారు, అందుకే దాన్ని ఇప్పుడు గోడ మీదికి ఎక్కించాం.

సరిచేశాక ఇంకో తగవు. పలక నీడ పన్నెండు గీత మీద పడేసరికి అందరి ఫోన్లలో 12.10 అయింది. మళ్లీ తప్పు కోశామనుకున్నాం, కాదట. దేశానికంతటికీ ఒకే గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది. ఆ గీత మన రాష్ట్రంలో కాకినాడ దగ్గరగా పోతుంది. మనం దానికి మూడు డిగ్రీలు పడమట ఉన్నాం, డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన సూర్యుడు మన నడినెత్తికి పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. ఏడాది పొడవునా ఇందులో మరికొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతాయి. ఏప్రిల్ చివర అది 12.10, ఆగస్టు మధ్యలో 12.17 ప్రాంతం.

ఆ ఏప్రిల్ చివరి వారంలోనే నీడ లేని మధ్యాహ్నం వస్తుంది. మన దేశంలో కర్కట రేఖకు దిగువన ఉన్న ప్రతి ఊరికీ ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. మనకు ఒకటి ఏప్రిల్ చివర, రెండోది ఆగస్టు మధ్యలో. మిద్దె మీద స్టీలు గ్లాసులు, అప్పడాల కర్ర, నీళ్ల గొట్టం ముక్క వరసగా నిలబెట్టాం. పదకొండున్నరకు ప్రతిదానికీ పొట్టి నీడ ఉంది. నిమిష నిమిషానికీ అది కురచై, కాళ్లు ముడుచుకున్నట్టు లోపలికి పోయింది. 12.10కి గొట్టంలోంచి చూస్తే అడుగున నేల మీద గుండ్రటి వెలుగు, చుట్టూ ఏ వైపూ నీడ లేదు. కాళ్లు కాలుతున్నా ఎవరూ కదల్లేదు. కోశాధికారిగారు గొడుగు వేసుకుని వచ్చారు. గొడుగు నీడ సరిగ్గా ఆయన పాదాల చుట్టూ గుండ్రంగా పడింది. ఆయన దాన్ని రెండు నిమిషాలు చూసి, ఏమీ అనకుండా దిగిపోయారు. ఆగస్టులో మబ్బు పట్టింది, ఏమీ కనిపించలేదు.

కలంకారీ సిరా ప్రయోగం గురించి ఫిర్యాదులు వచ్చాయి కాబట్టి వివరణ ఇవ్వక తప్పదు. శ్రీకాళహస్తి మనకు గంట దూరం. అక్కడ వెదురు కలంతో బట్ట మీద గీసే నల్ల సిరాను కసిమి అంటారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వేసి కుండలో వారాల తరబడి నానబెడితే తయారవుతుంది. మన సభ్యురాలొకరు పాత మేకులు, గుర్రపు నాడా ఒకటి పోగుచేసి సంఘం మిద్దె మీద కుండ పెట్టారు. పదో రోజున పొంగింది. ఆ వారంలో వచ్చిన వాసనకు డ్రైనేజీ కారణం కాదు, కుండే కారణం. మూడో వీధివారికి క్షమాపణలు. అయితే కొసకు చూసినది మాత్రం మరిచిపోలేను. ఆ నీళ్లను మామూలు తెల్లబట్ట మీద పూస్తే టీ మరకలా వెలవెలబోయింది. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపి నానబెట్టి ఆరేసిన బట్ట మీద అదే చుక్క పెడితే, కళ్లెదుటే ముదిరి నల్లబడింది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి పుట్టిన నలుపు అది. పాలలోని కొవ్వు గీతను పక్కకు పాకనివ్వదు. పాలు లేకుండా చేసిన గుడ్డ మీద మేం గీసిన నెమలి కాకిలా అలుక్కుపోయింది. రెండు గుడ్డలూ షెడ్డులో వేలాడదీశాం.

నాణేల సాయంత్రం గురించి కొంచెం. ఒక ఇంట్లో అటక దులుపుతుంటే పోపుల డబ్బాలో పాత నాణేలు దొరికాయి. వాటిలో నడుమ పెద్ద చిల్లు ఉన్న కాణులు నాలుగు. యుద్ధకాలంలో లోహం పొదుపు చేయడానికి 1943లో మొదలుపెట్టి, 1947 వరకు ప్రభుత్వం వాటిని చిల్లుతోనే ముద్రించింది. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కాణులు, కాణికి మూడు దమ్మిడీలు. పిల్లలు దమ్మిడీ అన్నది తిట్టులో వాడే మాట అనుకుంటున్నారు, నిజంగా నాణెమని ఆ రోజే తెలిసింది. 1957 ఏప్రిల్ 1న రూపాయి వంద నయాపైసలైంది. అప్పుడు అణాకు ఆరుంబావు పైసలు రావాలి, పావు పైసా నాణెం లేదు. అణా ఇస్తే ఆరే వచ్చేవి, పావలా ఇస్తే మాత్రం పూర్తిగా పాతిక. అందుకని అణాలను నాలుగేసి పోగుచేసి మార్చుకునేవాళ్లమని చెప్పినది ఎవరనుకున్నారు? మన కోశాధికారిగారే. అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్లు. అరగంట మాట్లాడారు. ఆయన అంతసేపు మాట్లాడటం, అందులో నాతో గొడవ లేకపోవడం సంఘం చరిత్రలో ఇదే మొదలు.

మిగిలినవి క్లుప్తంగా. తిరుమల ఘాట్ రోడ్డులో కొండ కోతలో పాత గ్రానైటు మీద క్వార్ట్‌జైటు పొర కూర్చున్న చోటును భారత భూవిజ్ఞాన సర్వే జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. ఆ రెండు రాళ్ల మధ్య గీత పదుల కోట్ల ఏళ్ల ఎడబాటు. ఒక సభ్యురాలు దాన్ని అడుగున గులాబీ బర్ఫీ, పైన కొబ్బరి బర్ఫీగా చేసి తెచ్చారు, స్మారకం అయిదు నిమిషాల్లో ఖాళీ అయింది. శేషాచలం కొండల్లో ఉండే బంగారు బల్లి తన గోడ మీదే కనిపించిందని ఒకరు ఫోటో చూపించారు. అది పసుపు బల్బు వెలుగులో ఉన్న ఇంటి బల్లి. పాత టీవీ యాంటెన్నా ఒకటి విప్పి గీసిన బొమ్మ కూడా వచ్చింది. తిరుపతి దగ్గరి గాదంకి రాడార్‌లో ఆ జాతివే, యాగీ యాంటెన్నాలు, 32 వరుసల్లో 32 చొప్పున మొత్తం 1,024 ఉన్నాయని, వాటితో పైగాలులను కొలుస్తారని తెలిశాక మిద్దెల మీది తుప్పు కమ్మీలను పాతసామానువాడికి ఇవ్వబుద్ధి కావడం లేదని ఇద్దరు చెప్పారు.

వీటన్నిటికీ కలిపి ఏడాదికి అయిన ఖర్చు 4,310 రూపాయలు. అందులో సగం ప్లైవుడ్‌కు రెండుసార్లు పోయింది. వచ్చే ఏడాదికి కార్యవర్గం కోరేది షెడ్డులో తాళం పడే ఒక బీరువా, ముగ్గులకు నునుపు చేసిన పది అడుగుల నేల. కుండ ప్రయోగాలు ఇకమీదట పార్కు వెనుక ఖాళీ స్థలంలోనే.

నిచ్చెన సంగతి. అది దొంగతనానికి పోలేదు. నిన్న మధ్యాహ్నం 12.10కి నేను స్వయంగా చూశాను. కోశాధికారిగారి మిద్దె మీద నీళ్ల ట్యాంకుకు ఆనించి ఉంది. ట్యాంకు పక్క గోడ మీద ఆయన స్కేలు పెట్టి 13.6 డిగ్రీలకు పెన్సిలు గీత గీస్తున్నారు. పని కాగానే తిరిగి ఇవ్వవలసిందిగా ఈ నివేదిక ద్వారా కోరుతున్నాం.

కార్యదర్శి