గ్రేస్ డార్లింగ్ పడవ, మన ఫోన్లు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెలంతా ఆరో తరగతి పిల్లలు లైట్‌హౌస్ కబుర్లతో మీ చెవులు హోరెత్తించి ఉంటారు. కారణం నేనే. వాళ్ల ఇంగ్లిష్ టీచర్ సెలవు పెడితే ఆ పీరియడ్ నేను తీసుకుని గ్రేస్ డార్లింగ్ కథ చెప్పాను.

ఇంగ్లండ్ ఈశాన్య తీరానికి దగ్గరలో ఫార్న్ దీవులున్నాయి. వాటిలో లాంగ్‌స్టోన్ ఒక చిన్న రాతి దీవి. అక్కడి లైట్‌హౌస్ 1826లో వెలిగింది. దాన్ని చూసుకునే ఉద్యోగి గ్రేస్ వాళ్ల నాన్న విలియం. బడి లేని చోట పిల్లలకు చదువు చెప్పిందీ ఆయనే.

1838 సెప్టెంబర్ 7 తెల్లవారుజామున, హల్ నుంచి డండీ వెళ్తున్న ఫోర్ఫార్‌షైర్ అనే ఆవిరి ఓడ రాళ్లకు కొట్టుకుని రెండు ముక్కలైంది. మేడ కిటికీలోంచి అది గ్రేస్ కంటపడింది. వెలుతురు వచ్చాక చూస్తే రాతి మీద మనుషులు కదులుతున్నారు. ఆ గాలికి ఒడ్డు నుంచి రక్షణ పడవ బయల్దేరలేదని తండ్రీకూతుళ్లు తమ పడవే దించారు. గ్రేస్‌కి అప్పుడు 22 ఏళ్లు. "అమ్మ వద్దనలేదా మేడం?" అని ఒకడు అడిగాడు. పడవ నీళ్లలోకి తోయడానికి అమ్మ కూడా ఒక చెయ్యి వేసిందంటే వాడు నమ్మలేదు.

నేరుగా వెళ్తే అలలు మింగేస్తాయి. అందుకే దీవుల చాటున చుట్టు తిరిగి దాదాపు మైలు దూరం తెడ్లు వేశారు. తండ్రి రాతి మీదికి దూకాక, పడవ రాళ్లకు తగలకుండా గ్రేస్ ఒక్కతే కాచుకుంది. ఈ కథలో అన్నిటికన్నా కష్టమైన పని అదేనని నాకనిపిస్తుంది. అక్కడ తొమ్మిది మంది ప్రాణాలతో ఉన్నారు. వాళ్లలో ఒక తల్లి. ఆమె పిల్లలిద్దరూ ఆ రాత్రే ఆమె చేతుల్లో చనిపోయారు. ఈ మాట చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చెప్పేశాను. క్లాసు నిశ్శబ్దమైపోయింది. రెండు విడతల్లో తొమ్మిది మందీ లైట్‌హౌస్‌కి చేరారు.

పిల్లలకు కథ అక్కడితో సరి. మిగతాది మీకోసం. పత్రికలు గ్రేస్‌ని ఆకాశానికెత్తాయి. విక్టోరియా రాణి 50 పౌండ్లు పంపింది. బొమ్మ గీస్తామంటూ చిత్రకారులు దీవికి క్యూ కట్టారు. జుట్టు పాయ పంపమని, గౌను ముక్క పంపమని ఉత్తరాలు. 1842లో, 26 ఏళ్లకే, క్షయతో పోయింది. పేరు రావడం వల్లే పోయిందని నేననను. కానీ ఆ నాలుగేళ్లూ జనం ఆమెను ఊపిరి తీసుకోనివ్వలేదు.

ఇదంతా ఎందుకంటే, మొన్న మన బడి పిల్ల ఒకతె పద్యం పాడిన వీడియో మన వాట్సాప్ గ్రూపు దాటి ఎక్కడెక్కడికో పోయింది. మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. అయినా ముక్కూమొహం తెలియనివాళ్లు తన గురించి మాట్లాడుకుంటున్నారన్న టెన్షన్‌తో ఆ పిల్ల రెండు రోజులు బడికి రాలేదు. పంపినవాళ్లకు చెడు ఉద్దేశం లేదని నాకు తెలుసు. మా వైపు నుంచీ తప్పుంది, ముందే చెప్పాల్సింది.

వచ్చే శనివారం ఉదయం 10 గంటలకు ఆరో తరగతి వాళ్లు ఇదే కథను నాటకంగా వేస్తున్నారు. ఫోన్లు గేటు దగ్గర బుట్టలో వేసి లోపలికి రండి. ఫొటోలు మేమే తీసి, ఎవరి పిల్లల ఫొటో వాళ్లకే ఇస్తాం. తాతయ్యలూ అమ్మమ్మలూ కూడా రావచ్చు, కుర్చీలున్నాయి.

సముద్రానికి నీలం రంగు పాత చీరలు కావాలి. ఉంటే శుక్రవారం లోపు పంపండి. తిరిగి ఇచ్చేస్తాం. ఉతికి ఇస్తామని మాత్రం మాట ఇవ్వలేను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు