దూడంత కుక్క, మూడో అంతస్తు

మెల్‌బోర్న్
జులై, ఆదివారం రాత్రి

అమ్మా,

నీకూ నాన్నగారికీ నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. నీ మోకాలికి కొత్త మాత్రలు పనిచేస్తున్నాయా? డాక్టర్ని మార్చమన్నాను, మార్చలేదని తమ్ముడు చెప్పాడు.

ఫోన్ చేయకుండా కాయితం మీద రాసి, ఫొటోలు తీసి వాడి ఫోన్‌కి పంపుతున్నానంటే కోపమొచ్చిందని అనుకోకు. వచ్చింది గానీ అది నాలుగు రోజుల కిందటి సంగతి. ఫోన్లో అయితే నువ్వు ఒకటంటావు, నేను రెండంటాను, ఆఖరికి ఇద్దరం ముక్కులు చీదుకుంటాం. కాయితమైతే మధ్యలో అడ్డు రాలేవు కదా.

ఆఫీసు ఎప్పటిలాగే. మూడు రోజులు వెళ్తున్నాను, రెండు రోజులు ఇంట్లోంచే. మీ అల్లుడు మంగళవారం మళ్ళీ పెర్త్ విమానం ఎక్కారు. రెండు వారాలు గనుల్లో, ఒక వారం ఇంట్లో. తిండి బాగానే పెడుతున్నారట, పప్పు ఒక్కటే దొరకదట.

ఇక నేను తెచ్చి పెంచుకుందామనుకుంటున్న కుక్క సంగతి.

గ్రేహౌండ్ అనగానే నాన్నగారు "అదేంటమ్మా, అడవుల్లో కూంబింగ్ చేసే పోలీసులు కదూ" అని నవ్వారు. నాన్నగారికి చెప్పు, ముందు కుక్క, తర్వాతే పోలీసులు. ఇక్కడ వీటితో పందేలు ఆడతారు. మనకి సంక్రాంతి మూడు రోజులూ కోళ్ళు, వీళ్ళకి ఏడాది పొడుగునా కుక్కలు. ముందు ఒక ఉత్తుత్తి కుందేలుని మోటారు మీద లాగుతుంటే, దాన్ని పట్టుకుందామని గంటకి 60 కిలోమీటర్ల పైన పరిగెడతాయి. ఎప్పటికీ పట్టుకోలేవు, పాపం. నాలుగైదేళ్ళు వచ్చేసరికి పందేనికి పనికిరావు. ఆ తర్వాత ఇంకా ఏడెనిమిదేళ్ళ ఆయుష్షు మిగిలి ఉంటుంది. మన దగ్గర ఓడిన కోడి ఏ కూరలోకి వెళ్తుందో నీకు తెలుసు. వీటిని మాత్రం ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్ళాలి.

నేను చూసింది ఆడది, ఐదేళ్ళది. నల్లగా, సన్నగా, కడుపు వీపుకి అంటుకుపోయి ఉంటుంది. తిండి పెట్టడం లేదేమో అనుకున్నాను, వీటి ఒళ్ళే అంతట. 28 కిలోలు. ఊరికే వచ్చి నా తొడకి ఒరిగి నిలబడింది. అమలాపురం బస్సులో సీటు దొరకని ముసలమ్మ పక్కవాళ్ళ మీద ఒరుగుతుంది చూడు, అలాగ. నేను ఒక అడుగు పక్కకి జరిగితే అదీ జరిగి మళ్ళీ ఒరిగింది. పావుగంట కదల్లేకపోయానమ్మా.

"దూడంత కుక్కని అగ్గిపెట్టెలో ఎలా పెంచుతావే" అన్నావు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ పెద్ద కుక్కలన్నీ ఒకటి కాదు. మన ఊళ్ళో రొయ్యల చెరువుల కాపలాకి తెచ్చే జాతుల్ని ఇంట్లో కట్టేస్తే పిచ్చెక్కిపోతాయి. ఇది అలా కాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడిపిస్తే మిగతా రోజంతా పడుకునే ఉంటుంది. పదహారు గంటలు, పద్దెనిమిది గంటలు కూడా. మొరగడం కూడా తక్కువే. మా కింది ఫ్లాటావిడకి అరచేయంత బొచ్చుకుక్క ఉంది, అది మాత్రం లిఫ్టు చప్పుడైతే చాలు బిల్డింగంతా లేపుతుంది.

ఇల్లు గలాయన ఒప్పుకోడేమో అన్నావు. ఈ రాష్ట్రంలో 2020 నుంచి రూలు మారింది. మనం ఫారం నింపి ఇవ్వాలి. ఆయనకి ఇష్టం లేకపోతే 14 రోజుల్లోగా ట్రిబ్యునల్‌కి వెళ్ళి కారణం చెప్పాలి. ఊరికే వద్దంటే కుదరదు. ఫారం నింపాను, ఇంకా ఇవ్వలేదు.

నా టెన్షన్ వేరే. పుట్టినప్పటినుంచీ షెడ్డుల్లో పెరిగిన కుక్క, ఇల్లంటే ఏమిటో తెలియదు. మెట్లు ఎక్కడం రాదు, అద్దం తలుపు ఉందని తెలియక గుద్దుకుంటుంది. ఎప్పుడూ పక్కన ఇంకో పది కుక్కలతో ఉండి ఉండి, ఒంటరిగా వదిలితే ఏడుస్తుందట. నేను ఆఫీసుకి వెళ్ళే మూడు రోజులూ ఎలా? పైగా దీనికి ఒంటి మీద కొవ్వు ఉండదు, బొచ్చూ పలచనే. ఈ జులై చలికి కోటు తొడగాలి. కుక్కకి కోటేమిటని నవ్వకు, నాకే రెండు కావలసి వస్తున్నాయి. పిల్లి కనబడితే పందెంలో కుందేలు అనుకుంటుంది, అందుకే బయట ఎప్పుడూ తాడు వదలకూడదు, రూలు కూడా అదే. రాత్రి పదకొండింటికి వానలో మూడంతస్తులు దింపాలి. నాకు జ్వరం వస్తే, ఆయన గనుల్లో ఉంటే, ఎవరు దింపుతారు? ఇది నువ్వు అడగలేదు. నేనే అడుక్కుంటున్నాను, వారం నుంచి.

నువ్వు అడిగింది వేరే. "కుక్కని కాదే, పిల్లాణ్ని పెంచు" అన్నావు. అమ్మా, ఆ మాట మీదే నాలుగు రోజులు ఫోన్ చేయలేదు. నీకు అన్నీ తెలిసి కూడా అన్నావని. దాని బదులు ఇది కాదు. డాక్టరమ్మ మళ్ళీ సెప్టెంబరులో రమ్మంది, వెళ్తాం. అంతవరకూ ఈ ఇంట్లో సాయంత్రం తలుపు తీస్తే ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అంతే. ఇంక దీని గురించి రాయను.

కొబ్బరి దింపు తీయించారా? కాయ ఎంత పలుకుతోంది? గోదావరి ఎలా ఉంది? ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులు వచ్చి మొదటి హెచ్చరిక ఇస్తే నాకు వెంటనే మెసేజ్ పెట్టమని తమ్ముడికి చెప్పు. మీరు ఏమీ లేదు ఏమీ లేదంటూనే ఉంటారు, నేను ఇక్కడ యూట్యూబ్‌లో మన కాజ్‌వే మునగడం చూస్తాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు కుక్కని ఏం చేస్తావన్నావు కదా. తీసుకురాలేను. ఒకసారి ఇండియా వస్తే నేరుగా మళ్ళీ ఆస్ట్రేలియాలోకి రానివ్వరు. డబ్బు కట్టి ఎక్కడైనా ఉంచాలి, ఇక్కడ అవి వేసవి సెలవులు కాబట్టి ముందే చోటు చెప్పుకోవాలి. కుక్క వంకతో రావడం మానేస్తానని నీ భయం. నాకు తెలుసు. పోయినేడు కుక్క లేకుండానే రాలేదు కదమ్మా. లీవు దొరకలేదు. ఈసారి జగ్గన్నతోట తీర్థానికి నీ పక్కనే నిలబడతాను, కనుమ నాడు ప్రభలు కాలవ దాటేది చూసి పదేళ్ళయింది.

ఇంకోటి. కుక్క గుమ్మం దాటి లోపలికి రాకూడదని జిమ్మీగాడికి పదకొండేళ్ళు అరుగు మీదే అన్నం పెట్టావు. నేను కాదనడం లేదు. కానీ 2022 వరదకి ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వదిలిన రోజు గుర్తుందా? అందరూ పి.గన్నవరం హైస్కూల్లో ఉంటే, నాన్నగారు పొలం కాయితాలు మర్చిపోయానని పడవ మాట్లాడుకుని వెనక్కి వెళ్ళారు. కాయితాలు మొదటి రోజు నుంచీ నీ సంచిలోనే ఉన్నాయి కదా. నువ్వు అడిగావా? అడగలేదు. నాకు బాబాయి చెప్పాడు, జిమ్మీగాడు డాబా మీద ఉన్నాడని ఎవరో అంటే వెళ్ళారట. ఆయన ఇప్పటికీ ఒప్పుకోరు.

ఇక్కడ కుక్కని ఇచ్చేవాళ్ళు ముందు నెలన్నర ఉంచుకుని చూడమంటున్నారు. కుదరకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఈ శనివారం ఒక గంటకి మా బిల్డింగ్ దాకా తీసుకొచ్చారు. కింది దాకా బాగానే వచ్చింది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే నాలుగు కాళ్ళూ నేలకి పాతేసి ఒణికింది. బిస్కెట్టు చూపించాం, పిలిచాం, లాగాం, అంగుళం కదల్లేదు. చివరికి మెట్ల దగ్గర కూర్చుని వెనక్కి పంపించేశాం.

అందుకని నాన్నగారిని ఒక్కటి అడుగు. ఆ రోజు జిమ్మీగాణ్ని పడవలోకి ఎలా ఎక్కించారు? వాడికి నీళ్ళంటే చచ్చే భయం కదా. ఎత్తుకున్నారా, అన్నం చూపించారా, ముందు ఆయన ఎక్కి కూర్చుని ఊరుకున్నారా? వివరంగా చెప్పమను. ఇది 28 కిలోలు, నేను ఎత్తలేను. వచ్చే శనివారం మళ్ళీ తీసుకొస్తారు, ఆ లోపల తెలియాలి.

నీ
చిట్టి